పడవలో కాపురం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతం చుట్టుపక్కల మెరీనాల్లో (సొంత పడవలు కట్టుకునే రేవుల్లో) పడవ మీదే కాపురం ఉంటున్న పాఠకులూ, ఉందామనుకుంటున్న పాఠకులూ రాసిన ఉత్తరాలివి. ఒకే సంగతి అడిగిన వాటిని కలిపేశాం, పొడుగైన వాటిని కుదించాం.

ప్రశ్న: మేమిద్దరం ఉద్యోగస్తులం, వీసా మీద ఉన్నాం. అద్దెలు భరించలేక 36 అడుగుల పాత తెరచాప పడవ ఒకటి కొని మెరీనాలో ఉందామనుకుంటున్నాం. బేరం దాదాపు కుదిరింది. ఇంకేం చూసుకోవాలి? – ఒక పాఠకుడు, ఫ్రీమాంట్

జవాబు: బేరాన్ని అక్కడే ఆపి, ముందు చోటు వెతుక్కోండి. అఖాతాన్ని పూడ్చుకుంటూ పోవడాన్ని అరికట్టడానికి 1965లో ఏర్పడిన బీసీడీసీ అనే సంస్థ మెరీనాలకు ఒక పరిమితి పెట్టింది. ఏ మెరీనాలోనైనా అనుమతి పొందిన స్లిప్పుల్లో (ఒక్కో పడవ కట్టుకునే చోట్లలో) 10 శాతానికి మించి నివాస పడవలు ఉండకూడదు. నాలుగు వందల స్లిప్పులున్న చోట నివాసానికి దొరికేవి నలభై. అందుకే మంచి మెరీనాల్లో నిరీక్షణ జాబితాలు పొడుగ్గా ఉంటాయి. పడవ అమ్మేవారికి నివాస అనుమతి ఉందన్నంత మాత్రాన కొన్నవారికి అది వస్తుందనుకోకండి. చాలా చోట్ల అమ్మకంతోనే ఆ అనుమతి పోతుంది. హార్బర్ ఆఫీసుకు స్వయంగా వెళ్లి, మీ పేరు మీద కాగితం తీసుకున్నాకే అడ్వాన్స్ ఇవ్వండి.

స్లిప్ అద్దెను అడుగుల లెక్కన వేస్తారు. పడవ పొడవంటే ముందున్న లంగరు కొన నుంచి వెనకాల వేలాడే చిన్న బోటు దాకా కొలిచేవారే ఎక్కువ. నివాస రుసుము, కరెంటు మీటరు, బీమా దానికి అదనం. మూడో వ్యక్తికి నష్టం జరిగితే చెల్లించే బీమా లేకుండా ఏ మంచి మెరీనా చోటివ్వదు. పాత పడవకు సర్వేయరు (పడవను పరీక్షించే నిపుణుడు) నివేదిక లేనిదే బీమా కంపెనీ ముందుకు రాదు. సర్వే పడవను నీళ్లలోంచి పైకెత్తి చేయించాలి. నీళ్లలో ఉండగా చేసిన సర్వేకు మీరిచ్చే డబ్బులో సగం దండగ. మాస్టును, అంటే తెరచాప స్తంభాన్ని, పట్టి ఉంచే స్టీలు తీగలు ఎన్నేళ్లవో తప్పకుండా అడగండి. పది పదిహేనేళ్లు దాటాయంటే వాటిని మార్చే ఖర్చు బేరంలోంచి తగ్గించుకోవాలి.

వీసా సంగతి అడగకపోయినా చెబుతున్నాం. చిరునామా మారిన పది రోజుల్లో ఏఆర్-11 పత్రం ద్వారా ఇమిగ్రేషన్ శాఖకు తెలపాలి. మీరు ఉండే చోటు అంటే మెరీనా వీధి చిరునామా, డాక్ (పడవలు కట్టే నడకదారి) అక్షరం, స్లిప్ నంబరు. తపాలా పెట్టె నంబరు ఒక్కటే ఇస్తే సరిపోదు. నివాస అనుమతి లేకుండా దొంగచాటుగా ఉండే ఆలోచన పెట్టుకోవద్దనడానికి ఇదొక పెద్ద కారణం. రోజూ తిరిగే కరెంటు మీటరు, రాత్రిళ్లు మోగే గేటు కార్డు చూస్తే ఆఫీసువారికి ఎలాగూ తెలిసిపోతుంది. పైగా పక్క పడవవాళ్లను మీ కోసం అబద్ధమాడాల్సిన స్థితిలో పెట్టినవారవుతారు.

ప్రశ్న: డాక్ మీది కరెంటు వారానికి రెండు మూడు సార్లు పోతోంది. హీటరు ఆన్‌లో ఉండగా ఇండక్షన్ పొయ్యి పెడితే పోవడం మామూలైంది. పక్కాయన వచ్చి నా కేబుల్ ప్లగ్గు పట్టుకు చూసి కోప్పడ్డాడు. నా కరెంటుతో ఆయనకేం పని? – ఒక పాఠకురాలు, అలమీడా

జవాబు: ఆయనకు చాలా పని ఉంది. ఫైబర్‌గ్లాస్ పడవ అంటుకుంటే మూడు నాలుగడుగుల దూరంలో ఉన్న పక్క పడవ ఆగదు. ఆయన కోప్పడినందుకు కృతజ్ఞతలు చెప్పండి.

ముందు లెక్క చూడండి. మీ స్లిప్పుకు వచ్చేది 120 వోల్టుల 30 ఆంపియర్లు, అంటే 3,600 వాట్లు. గంటల తరబడి వాడేటప్పుడు అందులో 80 శాతానికే, అంటే 24 ఆంపియర్లకే పరిమితం కావాలి. 1,500 వాట్ల హీటరు ఒక్కటే పన్నెండున్నర ఆంపియర్లు లాగుతుంది. 1,800 వాట్ల ఇండక్షన్ పొయ్యికి 15. ఈ రెండూ కలిస్తే ఇరవై ఏడున్నర. అప్పుడే నీళ్ల హీటరు తనంతట తాను ఆన్ అయితే మరో పన్నెండున్నర. బ్రేకరు పడిపోవడం సహజం, పడకపోతేనే భయపడాలి. రైస్ కుక్కర్ 500 నుంచి 700 వాట్లే కాబట్టి హీటరుతో కలిసి నడుస్తుంది. వంట చేసేంతసేపు నీళ్ల హీటరు స్విచ్చి కట్టేయండి. ఈ ఒక్క అలవాటుతో మీ బాధ చాలా వరకు తీరుతుంది.

ఆయన ప్లగ్గు ఎందుకు పట్టుకు చూశారంటే, పడవల్లో మంటలు తరచూ మొదలయ్యేది అక్కడే. ఉప్పుగాలికి ప్లగ్గులోని ఇత్తడి పలకలు పచ్చబారతాయి, పడవ ఊగినప్పుడల్లా కేబుల్ లాగి బిగువు సడలుతుంది. సడలిన చోట వేడి పుడుతుంది, ఆ వేడికి పట్టు ఇంకా సడలుతుంది. బ్రేకరుకు ఇది తెలియదు, ఎందుకంటే కరెంటు పరిమితి దాటలేదు. హీటరు అరగంట నడిచాక ప్లగ్గును బయటి నుంచి తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉన్నా, ఒక్క పలక నల్లబడినా, కేబుల్ చివరనున్న ప్లగ్గునూ పడవకు బిగించిన సాకెట్టునూ రెండింటినీ ఒకేసారి మార్చాలి. ఒక్కదాన్నే మారిస్తే కాలిన పాతది కొత్తదాన్ని కూడా పాడుచేస్తుంది. ఇంట్లో వాడే సన్నని ఎక్స్‌టెన్షన్ తీగను డాక్ నుంచి లాగి హీటరు పెట్టడం మాత్రం ఎన్నడూ చేయొద్దు. 30 ఆంపియర్ల మెరైన్ కేబుల్‌లో ఉండేది 10 గేజ్ రాగి, మామూలు ఎక్స్‌టెన్షన్‌లో 16 గేజ్. గేజ్ అంకె పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది.

కేబుల్ పెట్టేటప్పుడు బ్రేకర్లన్నీ ఆపి ముందు పడవ వైపు, తర్వాత డాక్ వైపు తగిలించండి. తీసేటప్పుడు ముందు డాక్ వైపు. అప్పుడు చేతిలో ఉన్న కొస పొరపాటున నీళ్లలో పడినా అందులో కరెంటుండదు.

హీటరు, పొయ్యి ఏదీ నడవనప్పుడు కూడా కరెంటు పోతోందంటే కారణం వేరు. కొత్త డాకుల్లో 30 మిల్లీ ఆంపియర్లు నీళ్లలోకి లీకైనా కోసేసే రక్షణ ఉంటుంది. మొత్తం డాక్‌కు వచ్చే పెద్ద లైన్ మీద కూడా అలాంటిదే ఉంటే, పది పడవల చిన్న లీకులు కలిసి అందరినీ చీకట్లో పెడతాయి. నీళ్ల హీటరు కాయిల్ తుప్పుపట్టడం, ఏదో ఒక పరికరంలో న్యూట్రల్, ఎర్త్ కలిసిపోవడం దీనికి మామూలు కారణాలు. ఒక్కో బ్రేకరు ఆపుతూ చూస్తే దొరుకుతుంది. బాగుచేసే వరకు ఆ పరికరాన్ని వాడొద్దు. మెరీనా నీళ్లలో ఎవరూ ఈదకూడదనే నియమం ఉన్నది కూడా ఈ లీకుల వల్లే. మంచినీటి సరస్సుల్లోనైతే ఇవి ప్రాణాలే తీశాయి.

ఎర్త్ తీగ గురించి ఇంకొక్క మాట. డాక్‌కు తగిలించిన పడవలన్నీ ఆ పచ్చ తీగ ద్వారా ఒకదానికొకటి కలిసే ఉంటాయి. పడవ అడుగున లోహాన్ని కాపాడుతూ తాను అరిగే జింక్ ముక్క ఒకటి ఉంటుంది. పక్క పడవది అరిగిపోతే, దాని ప్రొపెల్లర్‌ను మీ జింక్ కాపాడుతూ అరిగిపోతుంది. గాల్వానిక్ ఐసొలేటర్ అనే చిన్న పరికరం బిగిస్తే ఇది ఆగుతుంది. జింక్ సగం అరిగిందంటే మార్చాలని అడుగు శుభ్రం చేసే డైవరుకు ముందే చెప్పి ఉంచండి.

ప్రశ్న: తాలింపు వాసన పక్క పడవలోకి పోతోందని భయంగా ఉంది. హ్యాచ్ (పడవ పైకప్పు తలుపు) మూసి వండుతున్నాం. ఇప్పుడు గోడలకు చెమ్మ, పరుపు కింద నల్ల బూజు. – ఒక పాఠకురాలు, ఓక్లండ్

జవాబు: మూసి వండడమే మీ బూజుకు కారణం. ప్రొపేన్ ఒక కిలో మండితే దాదాపు 1.6 కిలోల నీరు ఆవిరిగా పుడుతుంది. దానికి అన్నం, పప్పు ఉడికిన ఆవిరి, ఇద్దరి ఊపిరి, స్నానం తోడవుతాయి. బయట పది డిగ్రీలున్నప్పుడు ఈ ఆవిరంతా చల్లటి ఫైబర్‌గ్లాస్ మీద నీరుగా మారుతుంది. పరుపుకు ఒక పక్క మీ ఒంటి వేడి, రెండో పక్క చల్లటి చెక్క, మధ్యలో గాలి ఆడదు. నల్లబడేది అందుకే. మూసిన గదిలో గ్యాసు మండితే కార్బన్ మోనాక్సైడ్ ప్రమాదం కూడా ఉంది. దాని అలారం పడుకునే చోట ఒకటి తప్పనిసరి. ప్రొపేన్ గాలికన్నా బరువు కాబట్టి లీకైతే పడవ అడుగున బిల్జ్‌లో చేరుతుంది. వంట కాగానే పొయ్యి దగ్గరి గ్యాసు స్విచ్చి కూడా ఆపండి.

పొయ్యి పైనున్న హ్యాచ్ రెండంగుళాలైనా తెరవాలి, దానికింద గాలిని బయటికి తోసే చిన్న ఫ్యాను పెట్టాలి, గాలి లోపలికి రావడానికి పడవ రెండో కొసన మరో సందు ఉండాలి. ఒక్కటే తెరిస్తే గాలి కదలదు. గిన్నెలో ఉడికించే బదులు ప్రెషర్ కుక్కర్ వాడితే ఆవిరి బాగా తగ్గుతుంది. విజిల్ ఆవిరి హ్యాచ్ వైపు పోయేలా పెట్టండి. కరెంటు లెక్క కుదిరితే ఇండక్షనే మేలు, మంట నుంచి వచ్చే ఆవిరి ఉండదు. తాలింపుకు లోతైన చిన్న గిన్నె, మూత వాడండి. ఆవాలు చిట్లి నూనె చుక్కలు కప్పుకు అంటుకుంటే ఆ జిడ్డు మీదే బూజు పెరుగుతుంది. మిగిలిన నూనె సింకులో పోయొద్దు, ఆ నీళ్లు తిన్నగా అఖాతంలోకే పోతాయి. కాగితంతో తుడిచి చెత్తలో వేయండి.

పరుపు కింద గాలి ఆడే జాలీ చాప పరిచి, పొద్దున్నే పరుపును ఒక అంచున నిలబెట్టండి. అల్మారా వెనక గోడకూ బట్టలకూ మధ్య రెండంగుళాలు వదలాలి. చలికాలంలో డీహ్యుమిడిఫైయర్ లేకుండా గడవదు. కంప్రెసర్ రకం 15 డిగ్రీల కింద సరిగా పనిచేయదు, మంచుపడుతుంది. తేమ పీల్చే పదార్థంతో పనిచేసే డెసికెంట్ రకం చలిలో కూడా నడుస్తుంది, పైగా కాస్త వెచ్చదనమిస్తుంది. కాకపోతే 300 నుంచి 600 వాట్లు తింటుంది, దాన్ని ఆంపియర్ల లెక్కలో కలుపుకోండి. పది డాలర్ల తేమ మీటరు కొని 60 శాతం దాటనివ్వకండి. తడి బట్టలు లోపల ఆరేయడం మానేసి ఒడ్డునున్న డ్రయ్యరు వాడండి.

ఇక వాసన. పక్కవాళ్లను అడిగేయండి. వాళ్ల హ్యాచ్ మీ వైపు తెరుచుకుంటుందా, రాత్రి డ్యూటీ చేసి పగలు పడుకునేవారా కనుక్కుని వంట వేళ మార్చుకోవచ్చు. ఎండు చేపలు, మిరపకాయల వేపుడు మాత్రం లోపల వద్దు. మెరీనాలో ఉమ్మడి వంట స్థలం ఉంటే అక్కడ చేసుకోండి.

ప్రశ్న: 25 గ్యాలన్ల మురుగు ట్యాంకు వారం వస్తుందన్నారు. మాకు నాలుగు రోజులకే నిండుతోంది. వాసన కూడా. – ఒక పాఠకుడు, రిచ్‌మండ్

జవాబు: మీకు చెప్పినవారు కాగితం వాడేవారై ఉంటారు. 25 గ్యాలన్లంటే 95 లీటర్లు. ఇద్దరు కలిసి రోజుకు పదిసార్లు వెళ్లి, ప్రతిసారీ రెండు లీటర్లు ఫ్లష్ చేస్తే 20 లీటర్లు. కడుక్కోవడానికి అరలీటరు చొప్పున మరో ఐదు. నాలుగు రోజులు నిండకుండానే ట్యాంకు నిండుతుంది. మన అలవాటు మానక్కర్లేదు. చెంబుకు బదులు నొక్కితేనే వచ్చే చేతి స్ప్రే పెట్టుకుంటే పావులీటరుతో సరిపోతుంది. పగలు ఒడ్డు మీది మరుగుదొడ్లు వాడండి, పంపౌట్‌కు (ట్యాంకు మురుగును పంపుతో తోడించడానికి) వారానికి రెండు రోజులు ఖాయం చేసుకోండి. తీరం నుంచి మూడు నాటికల్ మైళ్ల లోపల శుద్ధి చేయని మురుగు నీళ్లలోకి వదలడం చట్టరీత్యా నేరం. సముద్రంలోకి పోయే వాల్వును మూసి, తిప్పడానికి వీల్లేకుండా కట్టి ఉంచాలి.

వాసనకు ముందు ట్యాంకు గాలి గొట్టం చూడండి. అది పూడుకుపోతే ప్రాణవాయువు అందక లోపల కుళ్లు వాసన పుడుతుంది. బయటి నుంచి నీళ్ల గొట్టంతో కడిగితే చాలాసార్లు తెరుచుకుంటుంది. తర్వాత వేడినీళ్లలో తడిపిన గుడ్డను మురుగు గొట్టాలకు చుట్టి, చల్లారాక వాసన చూడండి. గుడ్డకు వాసనంటితే గొట్టమే పీల్చుకుందన్నమాట, మార్చాల్సిందే. ఉప్పునీళ్ల ఫ్లష్ అయితే గొట్టం లోపల సున్నంలాంటి పొర కడుతుంది. వారానికోసారి ఒక కప్పు తెల్ల వెనిగర్ పోసి రాత్రంతా ఉంచండి.

ప్రశ్న: వేసవి రాత్రుల్లో పడవ అడుగు నుంచి తేనెటీగలు ముసిరినట్టు ఏకధాటి మోత. పంపులన్నీ ఆపినా ఆగదు. – ఒక పాఠకుడు, సాసలీటో

జవాబు: అది మిడ్‌షిప్‌మన్ అనే చేప. గుడ్లు పెట్టే కాలంలో మగచేప రాళ్ల కింద గూడు చేసుకుని ఆడచేపను పిలుస్తుంది. పడవ అడుగు ఆ శబ్దాన్ని పెంచి వినిపిస్తుంది. వేసవి చివరికి దానంతటదే ఆగుతుంది. చెవిలో దూది పెట్టుకోవడం తప్ప చేయగలిగిందేమీ లేదు, చేయకూడదు కూడా.

ప్రశ్న: డాక్‌లో అందరూ హాయ్ అంటారు, అంతకు మించి ఎవరూ కలవరు. అందరూ మాకన్నా పెద్దవాళ్లు. ఎలా పలకరించాలో తెలియట్లేదు. – ఒక దంపతులు, బర్క్‌లీ

జవాబు: మనకు పెద్దవాళ్లను పేరుపెట్టి పిలవడం నోరు రాదు. అక్కడ పేరుతో పిలవకపోతే దూరం పెట్టినట్టు అనుకుంటారు. పేరుతోపాటు వాళ్ల పడవ పేరు కూడా గుర్తుపెట్టుకోండి, డాక్ మీద మనిషిని పడవ పేరుతోనే గుర్తుపడతారు.

గోడలు పలచనైన చోట ఏకాంతానికి విలువెక్కువ. కాక్‌పిట్‌లో (పడవ నడిపే ఆరుబయటి చోట) కూర్చుని తలెత్తి చూస్తున్న మనిషి మాటకు సిద్ధంగా ఉన్నట్టు. లోపల దీపం ఉండి తలుపు పలక మూసి ఉంటే రేపు కలవొచ్చు. పని ఉంటే డాక్ మీదే నిలబడి పడవ అంచు మీద వేళ్లతో తట్టి పేరు పిలవండి. రమ్మనకుండా కాలు పెట్టకూడదు. మనిషి బరువు పడగానే పడవ ఒరుగుతుంది, లోపల నిద్రపోతున్నవాళ్లు ఉలిక్కిపడతారు. ఎక్కేముందు చెప్పులు విప్పుతారని మనకు వేరే చెప్పక్కర్లేదు, ఆ విషయంలో వాళ్లదీ మనదీ ఒకటే పద్ధతి.

స్నేహం కుదిరేది మాటలకన్నా మోకుల దగ్గర. పక్క పడవ లోపలికి వస్తుంటే వెళ్లి నిలబడండి, కానీ ఊరికే తాడు అందుకుని లాగకండి. ముందు కొస తాడు లాగితే పడవ ముక్కు డాక్‌ను గుద్దుకుంటుంది, తోక బయటికి తిరుగుతుంది. ఏ తాడు, ఏ క్లీట్ (తాడు చుట్టే కొక్కెం) అని అడిగి, పడవ నడుము దగ్గరి తాడు అందుకుని, క్లీట్‌కు ఒక చుట్టు వేసి వాళ్లు చెప్పినప్పుడు బిగించండి. పదిటన్నుల పడవను చేత్తోనో కాలితోనో ఆపాలని చూడకండి, ఎముకలు విరుగుతాయి.

మీ మాస్టు మీద తాడు గాలికి టకటకా కొట్టుకుంటోందేమో వినండి. మీకు అలవాటై వినపడదు, చుట్టూ పదిమందికి నిద్రుండదు. దాన్ని మాస్టు నుంచి పక్కకు లాగి కట్టండి. సామాను తెచ్చిన తోపుడుబండిని గేటు దగ్గర తిరిగి పెట్టండి, నీళ్ల గొట్టం దారికి అడ్డం లేకుండా చుట్టండి. ఇవి చేసేవారిని డాక్ త్వరగా తనవాళ్లనుకుంటుంది. పెసరట్లు తర్వాత పంచవచ్చు. పంచేటప్పుడు జీడిపప్పు, వేరుశనగ ఉంటే ముందే చెప్పండి.

ప్రశ్న: అమ్మానాన్న రాజమండ్రి నుంచి ఆరు నెలలు ఉండడానికి వస్తున్నారు. అమ్మకు మోకాళ్ల నొప్పులు. పడవలో ఉంచుకోవచ్చా? – ఒక పాఠకురాలు, రెడ్‌వుడ్ సిటీ

జవాబు: రాత్రిళ్లు పడుకోవడానికి వద్దు. పగటిపూట తీసుకురండి. పెద్ద పోటు రోజుల్లో నీటిమట్టం ఎనిమిది అడుగులకు పైగా మారుతుంది, పాటు వేళ డాక్‌కు దిగే వంతెన నిటారుగా ఉంటుంది. పోటు పట్టిక చూసి నీరు నిండుగా ఉన్నప్పుడే రప్పించండి. డాక్ నుంచి పడవకు మూడు మెట్ల పీట, పట్టుకోవడానికి స్టీలు కడ్డీ, మడమకు పట్టీ ఉన్న చెప్పులు కావాలి. చీర కుచ్చిళ్లు కడ్డీకి తగులుకుంటాయి, అందుకని అమ్మగారు కాస్త పైకి దోపుకుంటే మంచిది. లోపలి నిచ్చెన ముఖం మెట్ల వైపు పెట్టి దిగాలి.

గోదావరిలో ఈదిన నాన్నగారికి కూడా ఇక్కడి నీళ్లు వేరు. చలికాలంలో పది పన్నెండు డిగ్రీలుంటాయి. పడగానే ఊపిరి ఎగదన్నుతుంది. మొదటి నిమిషం ఊపిరి నిలదొక్కుకోవాలి, పది నిమిషాల్లో చేతులు పట్టు తప్పుతాయి. అందుకని డాక్ మీద లైఫ్ జాకెట్ వేయించండి, దగ్గరి నిచ్చెన ఎక్కడుందో మొదటి రోజే చూపించండి.

ప్రశ్న: సంక్రాంతికి మూడు వారాలు ఊరికి వెళ్తున్నాం. పడవను ఎవరికి అప్పగించాలి? – ఒక పాఠకుడు, సౌత్ శాన్‌ఫ్రాన్సిస్కో

జవాబు: జనవరి ఇక్కడ తుఫానుల కాలం, ఏడాదిలోకెల్లా పెద్ద పోట్లు కూడా అప్పుడే. తాళం మీ డాక్ మీదే ఉండే ఒకరికి ఇవ్వండి, ఆయన ఊళ్లో లేకపోతే చూడడానికి మరొకరు కూడా ఉండాలి. వాళ్లకు కాగితం మీద రాసివ్వాల్సినవి: సీకాకులు (పడవ అడుగున నీళ్ల దారులను మూసే వాల్వులు) ఎక్కడున్నాయి, ఏవి మూసి ఉన్నాయి, బిల్జ్ పంపు స్విచ్చి, దాని చేతి పంపు, బ్యాటరీ మెయిన్ స్విచ్చి, బీమా కంపెనీ, డైవరు నంబర్లు. తాడు అరిగితే మార్చవచ్చనీ, అవసరమైతే లోపలికి వెళ్లవచ్చనీ, కొన్న వస్తువుల ఖర్చు మీదేననీ స్పష్టంగా రాయండి. అది లేకపోతే ఎంత మంచివారైనా మీ పడవ మీద కాలు పెట్టడానికి వెనకాడతారు.

బిల్జ్ పంపుకు వాడని సీకాకులన్నీ మూయండి. నీటిమట్టానికి అడుగు కింద అంగుళం బెజ్జం పడితే నిమిషానికి దాదాపు 20 గ్యాలన్లు లోపలికి వస్తాయి, ఏ చిన్న పంపూ దాన్ని గెలవలేదు. డాక్ కరెంటు పోయి ఛార్జరు ఆగితే, 100 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో సగం వాడుకోవచ్చనుకున్నా, ఐదు ఆంపియర్ల పంపు ఏకబిగిన పది గంటలే నడుస్తుంది. అందుకే రోజూ పెడెస్టల్ (డాక్ మీది కరెంటు స్తంభం) దీపం ఒక్కటైనా చూడమనండి.

36 అడుగుల పడవకు అర అంగుళం నైలాన్ మోకు సరిపోతుంది. తుఫాను కోసం దానితోపాటు అంగుళంలో ఎనిమిదింట ఐదు వంతుల (5/8) మందం మోకులు విడిగా వేరే క్లీట్లకు కట్టండి. తుఫాను ముందు గాలి దక్షిణం, ఆగ్నేయం నుంచి వస్తుంది, ఆ వైపు మోకులు రెండింతలు కావాలి. రాపిడి చోట తోలు గానీ పాత ఫైర్ హోస్ గుడ్డ గానీ చుట్టండి. ప్లాస్టిక్ గొట్టం తొడిగితే లోపలి వేడి బయటికి పోక నైలాన్ కరుగుతుంది. హీటర్లు ఏవీ ఆన్‌లో ఉంచొద్దు. గ్యాసు సిలిండరు వాల్వు మూయండి, ఫ్రిజ్ ఖాళీ చేసి తలుపు తెరిచి ఉంచండి, ట్యాంకు పంపౌట్ చేయించండి. మీ తిరుగు విమానం తేదీ ఆఫీసుకు కూడా చెప్పి వెళ్లండి.